1956: సర్కారు బుద్ధుడు, జనం బుద్ధుడు

1956 అంటే ఏం గుర్తొస్తుందని తెలుగువాళ్ళని అడిగితే నవంబర్ 1 అంటారు. అది ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజు. బౌద్ధులని అడిగితే అక్టోబర్ 14 అంటారు, ఆ వెంటనే గొంతు తగ్గించి డిసెంబర్ 6 అంటారు. ఈ మూడు తేదీలూ ఎనిమిది వారాల లోపలే ఉన్నాయి. అయినా మనం వాటిని వేరువేరు పుస్తకాల్లో చదువుతాం. రాష్ట్రాల కథ ఒక పుస్తకం, ధమ్మదీక్ష కథ ఇంకో పుస్తకం. ఆ ఏడాది చేసిన చట్టాల కథ మూడో పుస్తకం, దాన్ని తెరిచేవాళ్ళు తక్కువ. బిలాస్‌పూర్‌లో ఉంటున్న తెలుగు బౌద్ధులకి అలా విడదీసి చదివే వీలు లేదు. మా బతుకుల్లోకి మూడూ కలిసే వచ్చాయి. ఈ అక్టోబర్‌కి ధమ్మదీక్షకి 70 ఏళ్ళు నిండుతున్నాయి కనుక, 1956ని జనవరి నుంచి డిసెంబర్ దాకా ఒకే సంవత్సరంగా ఒకసారి చూద్దాం.

అణాల చివరి ఏడాది

1956 మొదలయ్యేనాటికి కూడా బిలాస్‌పూర్ మధ్యప్రదేశ్‌లోనే ఉంది. కానీ అది వేరే మధ్యప్రదేశ్. పాత సెంట్రల్ ప్రావిన్సెస్, బేరార్ కలిసిన రాష్ట్రం, దాని రాజధాని నాగపూర్. హైకోర్టు కూడా నాగపూర్‌లోనే. బిలాస్‌పూర్ వకీలు అప్పీలు దాఖలు చేయాలన్నా, ఉద్యోగి సర్కారు కాగితం కోసం తిరగాలన్నా హౌరా నుంచి బొంబాయి పోయే లైన్లో బండెక్కి, రాయపూర్, దుర్గ్, గోండియా దాటి నాగపూర్‌లో దిగాలి. దూరం సుమారు 410 కిలోమీటర్లు. అప్పటికి కిలోమీటర్ల లెక్క లేదు, మైళ్ళే. రూపాయికి 16 అణాలు, 64 పైసలు. నయా పైసా 1957 ఏప్రిల్ 1న వచ్చింది కాబట్టి పూర్తిగా అణాలతో గడిచిన చివరి ఏడాది 1956. శేర్లు, మణుగులు పోయి కిలోలు రావడానికి దారి తీసిన తూనికలు కొలతల చట్టం కూడా ఆ ఏడాది డిసెంబర్‌లోనే వచ్చింది.

రైల్వేకి అప్పుడే కొత్త పేరు. 1955 ఆగస్టులో సౌత్ ఈస్టర్న్ రైల్వే ఏర్పడింది. జనం నోట్లో మాత్రం పాత బి.ఎన్.ఆర్. పేరే, అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే. ఈ పట్నానికి తెలుగువాళ్ళు రావడానికి కారణం ఆ రైల్వేయే. హౌరా నుంచి వాల్తేరు దాకా తీరం వెంట నడిచిన లైనూ దానిదే, 1931లో పూర్తయిన రాయపూర్-విజయనగరం లైనూ దానిదే. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం పల్లెల నుంచి మనవాళ్ళు గ్యాంగు పనికి, లోకో షెడ్డు పనికి, బొగ్గు పనికి, సఫాయి పనికి ఈ పట్టాల మీదుగా వచ్చారు. వాళ్ళతోపాటు కులం కూడా టికెట్ లేకుండా అదే బండెక్కి వచ్చింది. ఊళ్ళో ఎవరు ఏ పని చేశారో రైల్వేలోనూ చాలావరకు ఆ పనికే కుదిరారు.

ఆ కులాన్ని శిక్షించడానికి ఒక చట్టం ఉండేది. అస్పృశ్యత నేరాల చట్టం 1955 జూన్ 1న అమల్లోకి వచ్చింది. 1956 అది పూర్తిగా అమల్లో ఉన్న మొదటి ఏడాది. హోటల్లోకి రానివ్వకపోయినా, బావి దగ్గర అడ్డుకున్నా ఆరు నెలల దాకా జైలు, లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కానీ కోర్టు అనుమతితో రాజీ పడవచ్చని ఆ చట్టంలోనే ఉంది. పెట్టుబడి, పలుకుబడి ఒకవైపు, రోజుకూలి ఇంకోవైపు ఉన్నప్పుడు రాజీ అంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ రాజీ వెసులుబాటు పోవడానికి 1976 దాకా పట్టింది.

సర్కారు బుద్ధుడు

1956 మే 24, వైశాఖ పున్నమి. బుద్ధుడి మహాపరినిర్వాణానికి 2500 ఏళ్ళు నిండాయని దేశమంతటా జయంతి జరిగింది. భారత ప్రభుత్వమే దగ్గరుండి జరిపించింది. బోధివృక్షంతో రెండు తపాలా బిళ్ళలు వచ్చాయి, ఒకటి 2 అణాలది, ఇంకోటి 14 అణాలది. పి.వి. బాపట్ సంపాదకత్వంలో, సర్వేపల్లి రాధాకృష్ణన్ ముందుమాటతో 2500 ఏళ్ళ బౌద్ధ చరిత్ర మీద ప్రభుత్వం పెద్ద పుస్తకం వేసింది. ఏడాది చివర దలైలామా, పాంచెన్ లామా అతిథులుగా వచ్చారు.

నేల కూడా బుద్ధుణ్ణి బయటపెడుతున్న రోజులవి. మా దగ్గర మహానది ఒడ్డున సిర్పూర్‌లో 1953 నుంచి 1956 దాకా ఎం.జి. దీక్షిత్ తవ్వకాలు జరిపించారు. ఆనందప్రభు అనే భిక్షువు మహాశివగుప్త బాలార్జునుడి కాలంలో కట్టించిన విహారం, భూమిస్పర్శ ముద్రలో కూర్చున్న పెద్ద బుద్ధ విగ్రహంతో సహా వెలుగు చూసింది. అదే సమయంలో కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ గడియారంతో పందెం వేసి తవ్వుతోంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. నీళ్ళు రాకముందే స్తూపాలు, విహారాలు, శాసనాలు అన్నీ తీసి భద్రం చేయాలి. ఏడో శతాబ్దంలో ఈ దక్షిణ కోసలకి వచ్చిన హ్యూయెన్ త్సాంగ్ ఈ దేశం గురించి రాస్తూ నాగార్జునుడినీ, శాతవాహన రాజునీ తలుచుకున్నాడు. మహానదికీ కృష్ణకీ మధ్య బౌద్ధం ఏనాడో వేసిన దారి అది. రైలు ఆ తర్వాతెప్పుడో వచ్చింది. ఈ రెండు తవ్వకాలూ తెలుగు బౌద్ధుడికి ఒకే ఇంటి రెండు గదుల్లాంటివి.

ఇంత గౌరవం జరిగిన ఏడాదిలోనే ఇంకో ఉత్తరం నడిచింది. బాబాసాహెబ్ అంబేద్కర్ అప్పటికి ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ గ్రంథం పూర్తి చేశారు. అచ్చు ఖర్చు సుమారు 20 వేల రూపాయలు, అది తన శక్తికి మించిందని చెప్పి, ప్రభుత్వం 500 ప్రతులు కొని గ్రంథాలయాలకి పంచితే బాగుంటుందని సెప్టెంబర్‌లో నెహ్రూకి రాశారు. జయంతికి కేటాయించిన డబ్బు అయిపోయిందని నెహ్రూ జవాబిచ్చి, ఆ ఉత్తరాన్ని జయంతి కమిటీకి అధ్యక్షత వహిస్తున్న రాధాకృష్ణన్‌కి పంపారు. కొనుగోలు మాత్రం జరగలేదు. పుస్తకం 1957లో, ఆయన పోయాక వెలువడింది.

ఎవరిమీదో కోపంతో ఈ సంగతి చెప్పడం లేదు. సర్కారు బుద్ధుడు మ్యూజియంలో, బిళ్ళమీద, సభలో ఉంటాడు. ఆయన్ని గౌరవించడానికి ఎవరూ ఏమీ వదులుకోనక్కర్లేదు. ఆ బుద్ధుణ్ణి కోట్లమంది ఇళ్ళలోకి తీసుకుపోదామన్న మనిషికి 500 ప్రతుల సాయం దొరకలేదు. ఈ తేడా అర్థమైతే అక్టోబర్ ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది.

పత్రికల్లో, వీధుల్లో

మిగతా ఏడాది ఎలా గడిచింది? ఏప్రిల్‌లో రెండో పంచవర్ష ప్రణాళిక మొదలైంది. మా లైన్లోనే, దుర్గ్ పక్కన, సోవియట్ సాయంతో భిలాయి ఉక్కు కర్మాగారం లేస్తోంది. తర్వాతి రోజుల్లో వేలాది తెలుగు కుటుంబాలకి అన్నం పెట్టింది అదే. సెప్టెంబర్ 1న జీవిత బీమా సంస్థ పుట్టింది. అక్టోబర్, నవంబర్ నెలల్లో ఎక్కడ చూసినా సూయెజ్ మాట, హంగేరీ మాట. తెలుగు తెర మీద ఆ ఏడాది బి.ఎస్. రంగా ‘తెనాలి రామకృష్ణ’ వచ్చింది. హిందీలో రాజ్ కపూర్ ‘జాగ్‌తే రహో’ వచ్చింది. గుక్కెడు నీళ్ళకోసం వచ్చిన పల్లెటూరివాణ్ణి పట్నం దొంగగా చూసే కథ అది. దాహమంటే ఏమిటో తెలిసిన జనానికి ఆ కథ వివరించి చెప్పనక్కర్లేదు.

రైల్వే పట్నాన్ని కుదిపిన వార్త సెప్టెంబర్ 2న తెలుగు నేలనుంచే వచ్చింది. మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి బండి పడిపోయింది, వందమందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబర్‌లో మద్రాసు రాష్ట్రంలోని అరియలూర్‌లో మళ్ళీ అలాంటి ప్రమాదం జరిగింది. ఈసారి రాజీనామా ఆగలేదు. బాధ్యత అంటే ఏమిటో ఒక మంత్రి చూపించిన ఏడాదిగా దేశం దాన్ని గుర్తుపెట్టుకుంది.

అక్టోబర్ 14

ఆ రోజు ఆదివారం, అశోక విజయదశమి. నాగపూర్‌లో ఇప్పుడు దీక్షాభూమి అంటున్న మైదానంలో, కుశీనగర్ నుంచి వచ్చిన ఎనభై ఏళ్ళ బర్మా భిక్షువు ఊ చంద్రమణి మహాథేరో దగ్గర బాబాసాహెబ్, సవితా అంబేద్కర్ త్రిశరణాలు, పంచశీలాలు తీసుకున్నారు. ఆ తర్వాత బాబాసాహెబ్ జనం వైపు తిరిగి తానే వాళ్ళకి దీక్ష ఇచ్చారు, 22 ప్రతిజ్ఞలు చేయించారు. లక్షలాది మంది తెల్లబట్టలతో లేచి నిలబడ్డారు. మర్నాడు చేసిన ప్రసంగంలో, నాగపూర్‌ని ఎందుకు ఎంచుకున్నదీ వివరించారు. బౌద్ధాన్ని దేశమంతా మోసిన నాగుల నేల ఇది కాబట్టి అన్నారు. అక్టోబర్ 16న చాందాలో, అంటే ఇప్పటి చంద్రపూర్‌లో, మళ్ళీ దీక్ష జరిగింది.

ఇక్కడ మన పుస్తకాలు వదిలేసే చిన్న సంగతి ఒకటుంది. ఆ రోజు నాగపూర్ మధ్యప్రదేశ్ రాజధాని. బిలాస్‌పూర్, దీక్షాభూమి రెండూ ఒకే రాష్ట్రంలో ఉన్నాయి. 18 రోజులు తిరక్కుండానే, నవంబర్ 1న, నాగపూర్ బొంబాయి రాష్ట్రానికి పోయింది. బిలాస్‌పూర్ కొత్త మధ్యప్రదేశ్‌లో ఉండిపోయింది. రాజధాని భోపాల్‌కి, హైకోర్టు జబల్‌పూర్‌కి మారాయి. అదే రోజు హైదరాబాద్ రాజధానిగా ఆంధ్రప్రదేశ్ వచ్చింది. తెలుగువాళ్ళందరికీ ఒక రాష్ట్రం అన్నారు. బిలాస్‌పూర్, ఖరగ్‌పూర్, రాయపూర్ రైల్వే క్వార్టర్లలోని తెలుగువాళ్ళు ఆ లెక్కలోకి రాలేదు, రావడానికి వీలూ లేదు. భాష కోసం గీసిన గీత పనికోసం ఊరు వదిలిన మనిషిని చూడదు. దీక్ష మాత్రం గీత అడగలేదు. మీది ఏ రాష్ట్రం, ఏ భాష అని ఆ మైదానంలో ఎవరూ అడగలేదు.

మూడో పుస్తకం

ఇక చట్టాల సంగతి. మేం లా చదువుకున్నది ఇందుకు పనికొచ్చింది. 1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టం వచ్చింది. కూతురికి తండ్రి ఆస్తిలో భాగం, స్త్రీకి తన ఆస్తి మీద పూర్తి హక్కు. 1951లో హిందూ కోడ్ బిల్లు ఆగిపోయిందని మంత్రి పదవి వదిలేసిన బాబాసాహెబ్ పోరాటానికి దక్కిన ఫలంలో ఒక ముక్క అది. ఆ చట్టం రెండో సెక్షన్ ప్రకారం బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా దాని కిందికే వస్తారు. అందులో ‘హిందువు’ అన్న మాట ఉన్నచోటల్లా వాళ్ళని కూడా కలుపుకుని చదవాలి.

అదే ఏడాది సెప్టెంబర్‌లో పార్లమెంటు షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వుని సవరించింది. 1950 ఉత్తర్వు ప్రకారం, పంజాబ్ ప్రాంతపు నాలుగు సిక్కు కులాలు తప్ప, హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులస్థుడు కాడు. 1956 సవరణతో సిక్కులందరికీ ఆ తలుపు తెరుచుకుంది. అది మంచి పనే. బౌద్ధులకి మాత్రం తెరుచుకోలేదు. ఆ తర్వాతి నెలలోనే లక్షలమంది బౌద్ధులయ్యారు.

రెండు చట్టాలనీ పక్కపక్కన పెట్టి చూడండి. అక్టోబర్ 14 సాయంత్రం దీక్ష తీసుకుని ఇంటికి చేరిన మనిషి ఆస్తి పంచుకునేటప్పుడు హిందువుల కిందే లెక్క. కొడుకు స్కాలర్‌షిప్ దగ్గరికి వచ్చేసరికి హిందువు కాదు. కులం ఆ మనిషిని వదల్లేదు, హోటలువాడు వదల్లేదు, కులం వల్ల దక్కిన రక్షణ మాత్రం వదిలేసింది. ఈ నష్టం వస్తుందని బాబాసాహెబ్‌కి తెలియదనుకోవడం పొరపాటు. రాజ్యాంగం రాసిన చేతికి ఆ ఉత్తర్వు తెలియకుండా ఉంటుందా! తెలిసే పిలిచారు. తెలిసే జనం లేచి నిలబడ్డారు. సర్కారు బుద్ధుడికీ జనం బుద్ధుడికీ తేడా ఇదే. ఈయన కోసం జనం మూల్యం చెల్లించారు.

ఆ మూల్యం 34 ఏళ్ళు నడిచింది. మహారాష్ట్ర ఏర్పడ్డాక ఆ రాష్ట్రం తన పరిధిలో నవబౌద్ధులకి రాయితీలు ఇచ్చింది. అవి ఆ హద్దు లోపలివారికే. కేంద్రంలో 1990లో, వి.పి. సింగ్ ప్రభుత్వ కాలంలో సవరణ జరిగి హిందూ, సిక్కు పక్కన బౌద్ధ అన్న మాట చేరింది.

1956 అక్టోబర్ 29న ఇంకో ఉత్తర్వు వచ్చింది. కొత్త రాష్ట్రాలకి తగ్గట్టు షెడ్యూల్డ్ కులాల, తెగల జాబితాలని మార్చింది. జాబితా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డ్ కులం లేదా తెగ వ్యక్తి ఇంకో రాష్ట్రానికి వలస పోతే ఆ హోదా వెంట రాదని సుప్రీంకోర్టు మర్రి చంద్రశేఖరరావు కేసులో చెప్పింది. ఆ కేసు కూడా ఆంధ్రనుంచి బొంబాయి చేరిన కుటుంబానిదే. ఆ తీర్పూ 1990దే! ఒకే ఏడాది మతం గీత తొలగింది, రాష్ట్రం గీత గట్టిపడింది. బిలాస్‌పూర్ తెలుగు పిల్లలు సర్టిఫికెట్ కోసం తిరిగేటప్పుడు ఆఫీసుల్లో ఎదురయ్యే ప్రశ్నలకి వేర్లు 1950, 1956 కాగితాల్లో ఉన్నాయి. తాతలు 1950కి ముందే ఇక్కడ ఉన్నట్టు రుజువు చూపమంటే, గ్యాంగు పనిలో బతికిన ఇంట్లో ఏ కాగితం మిగులుతుంది?

డిసెంబర్

నవంబర్‌లో ఖాట్మండులో ప్రపంచ బౌద్ధుల సభలో బుద్ధుడు, కార్ల్ మార్క్స్ గురించి మాట్లాడి, లుంబినీ, కుశీనగర్ చూసుకుని బాబాసాహెబ్ ఢిల్లీ చేరారు. డిసెంబర్ 6న అలీపూర్ రోడ్డు ఇంట్లో కన్నుమూశారు. అదే రోజు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో హాకీ ఫైనల్లో మన జట్టు పాకిస్తాన్‌ని ఓడించి బంగారు పతకం గెలిచింది. దేశంలో ఒక ఇంట్లో సంబరం, ఇంకో ఇంట్లో పొయ్యి వెలగని రోజు. డిసెంబర్ 7న బొంబాయి దాదర్ సముద్రపు ఒడ్డున అంత్యక్రియలు జరిగాయి. భదంత ఆనంద కౌసల్యాయన్ అక్కడే దీక్ష ఇస్తే ఏడుస్తున్న జనం ఏడుస్తూనే బౌద్ధులయ్యారు. డిసెంబర్ 31న కొత్త మధ్యప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి రవిశంకర్ శుక్లా చనిపోవడంతో మా రాష్ట్రానికి ఆ ఏడాది ముగిసింది.

దీక్షకీ మరణానికీ మధ్య 53 రోజులు. ఊరూరా దీక్షలు జరిపించాలన్న పని అక్కడ ఆగింది. 1951 జనాభా లెక్కల్లో దేశంలో బౌద్ధులు సుమారు 1 లక్షా 80 వేలు. 1961కి 32 లక్షలు దాటారు. పదేళ్ళలో ఇంత మార్పు మన దేశ చరిత్రలో అరుదు. కానీ వాళ్ళలో ఎనభై శాతానికి పైగా మహారాష్ట్రలోనే. 2011లో దేశం మొత్తం మీద 84 లక్షలైతే, ఛత్తీస్‌గఢ్‌లో సుమారు 70 వేలు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 40 వేల లోపే. 410 కిలోమీటర్ల దూరం దీనికి కారణం కాదు. బాబాసాహెబ్ పోయారు, రాష్ట్ర హద్దు మారింది, సర్టిఫికెట్ భయం మిగిలింది. ఈ మూడూ కలిసి ధమ్మాన్ని హద్దు దగ్గర ఆపాయని మా అభిప్రాయం. 1913లోనే హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ బుద్ధజయంతి జరిపిన తెలుగు జాతిలో 40 వేల లోపే బౌద్ధులు ఉన్నారంటే నమ్మగలమా? ఇంట్లో బుద్ధుడి బొమ్మ, గోడమీద బాబాసాహెబ్ పటం, రిజిస్టర్లో ‘హిందూ’. మేం వెళ్ళే ఇళ్ళలో సగం ఇలాగే ఉన్నాయి.

ఇప్పుడు మన వంతు

2027 జనాభా లెక్కలు దగ్గరపడ్డాయి. ఈసారి అందరి కులాలూ రాస్తారు. కాబట్టి మూడు మాటలు గుర్తుంచుకోండి. ఒకటి, మతం గడిలో బౌద్ధం అని రాయించడం వల్ల షెడ్యూల్డ్ కులం హోదా పోదు. 1990 సవరణ ఉంది. మతం బౌద్ధం అనీ, కులం దగ్గర మీ కులం పేరూ చెప్పండి. రెండు, జనాభా లెక్కల చట్టం 15వ సెక్షన్ ప్రకారం మీరు చెప్పిన వివరాలు ఎవరూ తెరిచి చూడకూడదు, వాటిని కోర్టులో సాక్ష్యంగా వాడకూడదు. భయపడాల్సింది లేదు. మూడు, లెక్కలకి వచ్చే మనిషి అడక్కుండానే ‘హిందూ’ అని రాసుకుంటుంటే ఆపి చెప్పండి. అమ్మకీ నాన్నకీ అత్తకీ కూడా ఈ మాట ముందే చెప్పి ఉంచండి, తలుపు తీసేది వాళ్ళే.

ఈ పట్నం ఇప్పుడు మళ్ళీ మారింది. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడి, హైకోర్టు బిలాస్‌పూర్‌కే వచ్చింది. ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్రం కూడా ఇదే. గీతలు ఇంకా మారతాయి, రైల్వే పేర్లు మారతాయి, అణాలు పోయినట్టే నేటి నోట్లూ పోతాయి. 1956లో ఆ మైదానంలో నిలబడినవాళ్ళు ఏం పోతుందో తెలిసి చెయ్యి జోడించారు. మనకి ఇవాళ పోయేది ఏమీ లేదు. అడిగినప్పుడు ఒక్క మాట నిజం చెప్పడమే మిగిలింది.

జై భీమ్. నమో బుద్ధాయ.